రొట్టెపాప కడుపులో

పోయినవారం మనం జైలు ముంగిట్లో ఆగిపోయాం. మృతుల పండగ మధ్యాహ్నం ప్రార్థన ముగిసింది. ఖైదీ సెవెరినో చనిపోయిన కూతురి పేరున తనకిచ్చిన రొట్టెపాపని రెండు చేతులా పట్టుకుని విరిచాడు. దాని కడుపులోంచి మత్తుపొడి పొట్లాలు నాలుగు నేలమీద పడ్డాయి. అరవై మంది ఖైదీలు చూశారు, సిపాయిలు చూశారు, ఫాదర్ ఇలారియో చూశాడు, ఆయన వెంట వచ్చిన పెద్దమనుషులూ చూశారు. ఇక దాచడానికేముంది? ఇంకో పందొమ్మిది రోజుల్లో ఇంటికి వెళ్ళాల్సిన సెవెరినోని అక్కడికక్కడే చీకటికొట్లో వేశారు. ఆ రొట్టె కాల్చి తెచ్చింది ప్లాసిదా, తొమ్మిదేళ్ళుగా ప్రతి ఆదివారం ఖైదీలకి రొట్టె పంచే పెద్దావిడ, అందరూ మర్యాదగా దోన్యా అంటారు. ఆవిడకి జైలు అధికారి మేజర్ ఉగార్తె ఒక్కరోజు గడువిచ్చాడు. రేపు సాయంత్రం నాలుగింటిలోగా పొట్లాలు పెట్టిందెవరో చెప్పాలి. చెప్పకపోతే కేసు సెవెరినో మీద పడుతుంది, చర్చివాళ్ళెవరూ ఇక యూరాక్‌పంప జైలు గడప తొక్కకూడదు.

ఆ రేపు రానే వచ్చింది. ఉదయం పది దాటింది. ప్లాసిదా వంటింట్లో పీట మీద కూర్చుని, ఒళ్ళో సగం రొట్టెముక్క పెట్టుకుని చూస్తోంది. నిన్నటి గలాటాలో కాళ్ళకింద నలగబోయిన ముక్కని వంగి ఏరి, భుజాన ఉన్న నేతగుడ్డలో మూటగట్టి తెచ్చుకుంది. చచ్చిపోయిన పిల్ల పేరున కాల్చిన రొట్టెని బూట్లతో తొక్కుతుంటే చూడలేకపోయింది, అంతే.

మామూలు రొట్టెనైతే సిపాయిలు గేటు దగ్గరే కత్తితో నాలుగు చెక్కలు చేసిగానీ లోపలికి పోనివ్వరు. రొట్టెపాప సంగతి వేరు. గుడ్డల్లో చుట్టి, చిట్టి చేతులు బయటపెట్టిన పసిబిడ్డ ఆకారంలో చేసి, తల దగ్గర సంతలో కొన్న రంగుల సుద్దమొహం అతికిస్తారు. పండగ రోజున చనిపోయినవాళ్ళు వచ్చి అందులో కూర్చుంటారు. ప్రార్థన అయ్యాక చేత్తో విరవాలే తప్ప దానికి ఇనుము తగలకూడదు. తగిలించినవాడి ఇంట్లో ఏడాది తిరక్కుండా ఇంకో శవం లేస్తుందని ఈ లోయలో పోలీసుకీ భయమే, దొంగకీ భయమే.

ప్లాసిదా రొట్టె అడుగు తిప్పి మళ్ళీ చూసింది. అగ్గిపెట్టెంత నలుచదరం సగం ఆ ముక్క మీద మిగిలి ఉంది. సన్నని కత్తితో కోసి, లోపలి మెత్తని భాగం తోడేసి, మూతపెట్టి, పంచదార పాకంతో అతికించి, పైన పిండి రుద్దారు. ఓపిగ్గా, ముచ్చటగా చేసిన పని. అంత గట్టి పాకం కాచే చెయ్యి ఈ ఊళ్ళో ఒక్కటే. జైలుకి దగ్గరని పండగ ముందురోజు బుట్టలన్నీ దించింది కూడా ఆ చేతిగల మనిషి ఇంట్లోనే. కాదు, అలా అయ్యుండదు అనుకుంది ప్లాసిదా. పొద్దుట్నుంచీ అలా నలభైసార్లు అనుకునుంటుంది.

"కొమాద్రే! ఉన్నావా?"

నిల్దా వచ్చింది. కుచ్చుల లంగా, రెండు జడలు, నెత్తిన టోపీ, చేతిలో ఊదారంగు మొక్కజొన్న జావ ఉన్న కూజా. నిల్దా కూతురు దెల్ఫినాకి ప్లాసిదా జ్ఞానతల్లి. బాప్తిస్మం రోజున ఆ పిల్లని ఎత్తుకున్నది ఆవిడే. నాలుగేళ్ళకే జ్వరమొచ్చి పోతే పెట్టెలో పడుకోబెట్టిందీ ఆవిడే. పిల్ల పోయినా ఆ వరస పోలేదు, కన్నతల్లీ జ్ఞానతల్లీ ఇద్దరూ కొమాద్రెలుగానే ఉండిపోయారు. ఇక్కడ తోడబుట్టినదానికైనా అబద్ధం చెప్తారేమోగానీ కొమాద్రెకి చెప్పరు.

"ఏమీ తినుండవని జావ తెచ్చానక్కా. వేడిమీద తాగు. ఏ పాపిష్టిది చేసిందోగానీ దాని చేతులు పడిపోను! చచ్చినవాళ్ళ రొట్టెలోనా? మనుషులేనా వాళ్ళు?"

"కూర్చో నిల్దా."

"కూర్చోడానికి కాళ్ళాడుతున్నాయా? లింబెర్‌ని కూడా ప్రశ్నిస్తున్నారట. నా కొడుకేం చేశాడని?" నిల్దా కొడుకు లింబెర్ మోటారుసైకిళ్ళ దొంగతనం కేసులో నాలుగేళ్ళుగా ఆ జైల్లోనే ఉన్నాడు. "అయినా సెవెరినోని చూశావా! నోట్లో వేలు పెడితే కొరకలేనట్టు ఉండేవాడు. ఇంకెవర్ని నమ్ముతామమ్మా!"

"అది సెవెరినో రొట్టె కాదు," అంది ప్లాసిదా. "నేను మార్చాను."

లోటాలోకి జావ వంపుతున్న నిల్దా ఆగింది.

"వాడి కూతురు సబీనా పేరున చేసిన రొట్టెకి పొయ్యిలోనే చెయ్యి విరిగింది. పాపం, ఆ పిల్ల బస్సు బోల్తాపడి పోయింది. విరిగిన బొమ్మని తీసుకెళ్ళి ఆ తండ్రి చేతిలో ఎలా పెట్టను? మన దెల్ఫినా రొట్టె ముద్దుగా వచ్చింది. లింబెర్ మనవాడే కదా, చెల్లెలి రొట్టెకి చెయ్యి విరిగినా ఏమీ అనుకోడులే అని, గేటు దాటాక దెల్ఫినాది సెవెరినోకిచ్చి సబీనాది మీవాడికిచ్చేశాను."

"నువ్వా? నీ చేత్తో నువ్వే మార్చావా?" నిల్దా కూజాని బల్లమీద ఠపీమని పెట్టింది. "నిన్నెవరు మార్చమన్నారే! ఎవరి రొట్టె వాళ్ళకివ్వడం కూడా చేతకాలేదా? తొమ్మిదేళ్ళలో ఏనాడూ మార్చనిదానివి, చూసి చూసి నిన్ననే మార్చాలా?"

అనేసి ఆగిపోయింది. అప్పటికే ఆలస్యమైపోయింది. వంటింట్లో ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ప్లాసిదా గుండెలో పొద్దుట్నుంచీ పట్టుకుని వేలాడుతున్న చిన్న ఆశ ఒకటి తెగి పడిపోయింది.

"దెల్ఫినా రొట్టెలో పెట్టావే," అంది ప్లాసిదా. "నీ బిడ్డ పేరున కాల్చిన రొట్టెలో. నా జ్ఞానపుత్రిక రొట్టె కడుపు నువ్వే కోశావు!"

నిల్దా ఏడవలేదు. టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"ఎవరికీ అనుమానం రాదని అదే ఎంచుకున్నా. ఇది మూడో పండగ."

"మూడో..."

"క్రిస్మస్‌కి నువ్వు కుట్టిచ్చిన బాలయేసు పరుపులో కూడా పెట్టాను. అన్నీ ఇవాళే వినేసెయ్, ఒక పనైపోతుంది."

ఏం మనిషమ్మా! తప్పు బయటపడితే కాళ్ళమీద పడేవాళ్ళని చూశాం, బొంకేవాళ్ళని చూశాం. ఇంటి సామాను అప్పజెప్పినట్టు ఇలా ఒక్కొక్కటీ అప్పజెప్పేవాళ్ళని ప్లాసిదా ఎప్పుడూ చూడలేదు. ఆ పరుపు కుట్టడానికి తన పెళ్ళిదుప్పటి చించింది ఆవిడ.

"ఎవరు బెదిరించారే నిన్ను?"

"మొదటి ఏడాది బెదిరించారు. లోపల పెత్తనం చేసేవాడొకడు లింబెర్ వేలు విరిచి, ఇంకో తొమ్మిదున్నాయి మీ అమ్మకి చెప్పు అన్నాడు. చెప్పినట్టు చేశా. మర్నాటినుంచీ వాడికి పడుకోడానికి మంచం దొరికింది, ఒంటిమీద దెబ్బ పడలేదు. రెండో ఏడాది ఎవరూ బెదిరించలేదక్కా. నేనే అడిగి తీసుకున్నా."

"ఆ వేలు విరిగిన రోజే నా దగ్గరకి ఎందుకు రాలేదు?"

"వస్తే ఏం చేసేదానివి? మోకాళ్ళేసి ప్రార్థన చేసేదానివి. ఆదివారం వాడికో రొట్టె ఇచ్చేదానివి. అందరికీ ఇచ్చేంత రొట్టే, ఆవగింజంత ఎక్కువా కాదు, తక్కువా కాదు. నీ దయ గొప్పదే, కాదన్లేదు. నీ రొట్టె నా కొడుకు వేళ్ళని కాపాడిందా? నువ్వు జైలుకి ప్రభువుని చూడ్డానికి వెళ్ళావు కొమాద్రే. నేను నా కొడుకుని చూడ్డానికి వెళ్ళాను."

ఈ మాట ప్లాసిదాకి చెంపదెబ్బకన్నా గట్టిగా తగిలింది. చెరలో ఉన్నవాణ్ణి చూడబోతే ప్రభువునే చూడబోయినట్టని ఆవిడ మనసా వాచా నమ్మింది. తొమ్మిదేళ్ళలో జ్వరమొచ్చినా వెళ్ళింది, మొగుడి సంవత్సరీకం రోజున కూడా వెళ్ళింది. ఆ ప్రతి ఆదివారం బుట్టకి రెండో చెవి పట్టుకుని పక్కన నడిచింది ఈ నిల్దాయే. ఇద్దరం కలిసి ఒకే పనికి వెళ్తున్నాం అనుకుంది. అంతకుమించిన వెర్రితనం ఇంకోటుందా?

"నన్ను చూసి సిపాయిలు లేచి నిలబడేవాళ్ళు," అంది ప్లాసిదా. "అది దేవుడు నాకు ఇచ్చిన మర్యాద అనుకుని మురిసిపోయాను. నా మొహం నీకు గేటు తాళంచెవి అయిందన్నమాట. నన్ను ఎంత తేలిగ్గా వాడుకున్నావే నిల్దా!"

ప్లాసిదా లేచి, గోడమేకుకున్న టోపీ తీసి పెట్టుకుంది. రొట్టెముక్కని మళ్ళీ నేతగుడ్డలో చుట్టింది. అప్పటిదాకా రాయిలా కూర్చున్న నిల్దా దిగ్గున లేచింది. వచ్చి ఆవిడ కాళ్ళని చుట్టేసుకుంది.

"ఎక్కడికక్కా? నా పేరు చెప్తావా? చెప్తే నేను లోపలికి పోతా, పోనీ, నేను పోయినా పర్లేదు. లింబెర్‌ని బతకనివ్వరు. నేను నోరు విప్పుతానని ముందు వాడి నోరు మూయిస్తారు. నీ జ్ఞానపుత్రికకి అన్న కదా వాడు! సెవెరినోది ఏముంది చెప్పు, ఎవరున్నారు వాడికి? భార్య వదిలేసింది, కూతురు పోయింది. ఇంకో నాలుగేళ్ళు అక్కడున్నా వాడికోసం ఏడ్చేవాళ్ళు లేరు!"

"ఏడ్చేవాళ్ళు లేనివాడికోసమే కదే మనం వెళ్తున్నామనుకున్నాను," అంది ప్లాసిదా. కాళ్ళు విడిపించుకుని బయటికి నడిచింది.

వ్యానులో జైలుకి పావుగంట. ఆ పావుగంటా ఆవిడ మనసులో లింబెర్ వేళ్ళూ సెవెరినో చేతులూ కలగాపులగంగా తిరిగాయి. ఒకర్ని కాపాడితే ఇంకొకడు పోతాడు. దేవుడా, నేను అడిగింది రొట్టె కాల్చే పని, తీర్పు చెప్పే పని కాదు కదా అని గొణుక్కుంది. పక్కసీటు ఆవిడ వింతగా చూసింది.

గేటు దగ్గర సార్జెంటు లేచి నిలబడలేదు. "మూట విప్పండి," అన్నాడు, వేరే ఎవరితోనో అన్నట్టు. సగం రొట్టెముక్క కనబడగానే జేబులోంచి కత్తి తీసి, దాన్ని నాలుగు ముక్కలు చేశాడు. దెల్ఫినా సుద్దమొహం పగిలి రెండయింది. "తప్పదు దోన్యా. ఇకమీద మీవి కూడా కొయ్యమన్నారు." ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చూశాడో లేదో గానీ సార్జెంటు తల పక్కకి తిప్పుకున్నాడు.

మేజర్ ఉగార్తె గదిలో మరియమ్మ పటం ముందు కొవ్వొత్తి వెలుగుతోంది. మనిషి మర్యాదస్తుడు. తనే కుర్చీ జరిపాడు.

"కూర్చోండి దోన్యా ప్లాసిదా. మీకిక శ్రమ లేదు. పని అయిపోయింది." ఒక కాగితం ముందుకు తోశాడు. "సెవెరినో ఒప్పేసుకున్నాడు. పొట్లాలు తనే తెప్పించుకున్నాడట. మీకేమీ తెలీదని మరీమరీ రాశాడు. అదిగో, వేలిముద్ర. కింద మీరో సంతకం పెడితే ఆదివారంనుంచి మామూలుగా రావచ్చు."

ప్లాసిదా ఆ కాగితాన్ని చూసింది. సంతకం పెడితే చాలు. నిల్దా బతుకుతుంది, లింబెర్ బతుకుతాడు, అరవై మందికి రొట్టె అందుతుంది. ఒక్కడికి తప్ప ఎవరికీ ఏ నష్టమూ లేదు. ఆ ఒక్కడూ ఎవరూ అడక్కుండానే ముందుకొచ్చి మెడ వంచాడు.

"ఒకసారి వాణ్ణి చూడాలి," అంది.

చీకటికొట్టు తలుపుకి కిందెక్కడో కంచం దూరేంత కంత. ప్లాసిదా నేలమీద కూర్చుని, టోపీ తీసి, ఆ కంతకి మొహం ఆనించింది. లోపలినుంచి దగ్గు వినబడింది.

"సెవెరినో! నాయనా, నేనురా."

"దోన్యానా? నేలమీద కూర్చోకండమ్మా, చల్లగా ఉంటుంది. మీ మోకాళ్ళు అసలే..."

"అబద్ధం ఎందుకు రాశావురా?"

ఆ గొంతు కంతకి దగ్గరగా వచ్చింది.

"మీకేదో పెద్ద కష్టం వచ్చుంటుంది దోన్యా. లేకపోతే అలాంటి పని చేసే మనిషా మీరు? నేను అడగను. తాగిన మైకంలో మనిషిని పొడిచిన చెయ్యి నాది, దాన్ని పట్టుకుని మీరు సబీనా పేరు రాయించారు పలకమీద. పిండిపని మాత్రమే తెలిసిన మీరు ఈ గోడల మధ్య ఉండలేరు. నాకు అలవాటే."

ప్లాసిదాకి ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక కంతకి ఇంకా దగ్గరగా వంగింది.

"నేను పెట్టాననుకున్నావా? నేను కాదురా! ప్రభువు తోడు, నేను కాదు!"

"సరేనమ్మా," అన్నాడు సెవెరినో, ఎంతో మెత్తగా. "మీరు కాదు."

ఆ మాట, ఆ మెత్తదనం ఆవిడకి బాగా తెలుసు. తొమ్మిదేళ్ళలో ఎంతమంది ఖైదీలు ఆవిడ చెయ్యి పట్టుకుని, నేను చెయ్యలేదు దోన్యా అని ఏడ్చారో లెక్కలేదు. ప్రతిసారీ ఆవిడ తల నిమిరి, సరే నాయనా, నువ్వు కాదు అనేది. ఒక్కసారి కూడా నమ్మలేదు. నమ్మకపోయినా ప్రేమించడమే గొప్ప అనుకుంది. ఇప్పుడు ఆ ప్రేమ తనమీదికే వచ్చి పడింది. భరించలేనంత అవమానంగా ఉంది. క్షమించడానికి సిద్ధంగా ఉన్నవాళ్ళు నమ్మడానికి మాత్రం సిద్ధంగా ఉండరని ఈ వయసులో, ఈ చల్లనేల మీద తెలిసింది.

"వినరా," అంది, కంతలోంచి చెయ్యి లోపలికి పెట్టి. లోపలినుంచి గరుకు వేళ్ళు తగిలాయి. "నువ్వు నన్ను నమ్మక్కర్లేదు. నా పాపం మొయ్యనూ అక్కర్లేదు. పందొమ్మిది రోజులకి నువ్వు ఇంటికెళ్తావు. సబీనా సమాధికి నువ్వే తెల్లసున్నం వేస్తావు. అంతే."

"దోన్యా, వద్దు..."

ఆవిడ లేచింది. మోకాళ్ళు కలుక్కుమన్నాయి. వసారాలో నడుస్తూ నిర్ణయించుకుంది. నిల్దా పేరు చెప్తుంది. చెప్పి, లింబెర్‌ని ఇవాళే వేరే ఊరి జైలుకి పంపమని మేజర్ కాళ్ళు పట్టుకుంటుంది. మేజర్ దైవభక్తుడు, వింటాడు. కొమాద్రె అయ్యుండి చెప్పావా అని ఊరు దుమ్మెత్తిపోస్తే పొయ్యనీ. నిల్దా తనని మోసం చేసిందని కోపం ఉంది, బండెడు ఉంది. ఆ కోపంతో చెప్పడం లేదు, అది మాత్రం తనకి తనే రెండుసార్లు అడిగి తేల్చుకుంది.

మేజర్ గదిలోకి వెళ్ళి నిలబడే చెప్పింది.

"సెవెరినో రాసింది అబద్ధం. పొట్లాలు పెట్టిందెవరో నాకు తెలుసు. కొత్త కాగితం తీసి రాసుకోండి. అందరికన్నా ముందు లోపలున్న ఒక కుర్రాణ్ణి కాపాడతానని మాటివ్వండి."

మేజర్ కొత్త కాగితం తియ్యలేదు. గుమ్మం దగ్గరున్న సిపాయిని వెళ్ళి టీ తాగి రమ్మన్నాడు. తలుపు మూసి, నెమ్మదిగా గడియ పెట్టాడు. మరియమ్మ పటం ముందు ఒత్తి సరిచేసి, వచ్చి కూర్చున్నాడు.

"మూడేళ్ళ కిందట నేను బదిలీ మీద వచ్చినప్పుడు, రొట్టెపాపల్ని కూడా కోసి చూద్దామని ఇక్కడొక కొత్త సిపాయి అన్నాడు. నేనే వద్దన్నాను. ఫాదర్ ఇలారియో గుళ్ళో నా పేరు చెప్పి మెచ్చుకున్నారు, గుర్తుందా?"

ప్లాసిదాకి గుర్తుంది. ఆ రోజు గట్టిగా ఆమెన్ అన్నవాళ్ళలో ఆవిడా ఉంది.

"మీరు మంచివారు దోన్యా. మీ మంచితనం ఈ జైలుకి చాలా అవసరం." కలం తీసి ఆవిడ చేతిలో పెట్టి, సెవెరినో వేలిముద్ర పక్కన సంతకం చెయ్యాల్సిన చోటు వేలితో చూపించాడు. "సంతకం పెట్టి ఇంటికెళ్ళండి. వెళ్ళేదార్లో నిల్దాకి చెప్పండి, ఇంకోసారి రొట్టెలు తారుమారు కాకుండా చూసుకోమని."

ప్లాసిదా ఈ గదిలో నిల్దా పేరు ఇంకా ఎత్తనేలేదు.